నూటికి ఏడువేల అయిదు వందలు

డిసెంబరులో ఓ మధ్యాహ్నం. నోయిడాలో మా బాల్కనీలోకి ఎండ వచ్చేదే రెండు గంటలు, అది వదులుకోవడం నాకు ఇష్టం ఉండదు. ప్లాస్టిక్ కుర్చీ, మోకాళ్ల మీద శాలువా, ఒళ్లో వేరుశెనక్కాయల పొట్లం. గాలి బాగోలేదని మా మనవరాలి ఆఫీసువాళ్లు ఇంటి నుంచే పని చేసుకోమన్నారు. గురుగ్రామ్‌లో ఓ కంపెనీలో రిపోర్టులు తయారు చేస్తుంది మా పిల్ల. "అంటే ఏం చేస్తావే?" అని ఓసారి అడిగితే, "లెక్కల్ని బొమ్మలు చేసి పెద్దవాళ్లకి చూపిస్తా తాతయ్యా" అంది. నేను ఢిల్లీలో సర్కారు కొలువులో ముప్పై ఏళ్లు చేసిందీ అదే. బొమ్మలొక్కటే తక్కువ.

లోపల్నుంచి కేక వినిపించింది. "తాతయ్యా! మావాళ్లు నూటికి ఏడువేల అయిదు వందల పార్సిళ్లు టైముకి ఇచ్చేశారు!"

"అంత మంచివాళ్లని వదులుకోకండమ్మా" అన్నాను.

లాప్‌టాప్ పట్టుకుని బాల్కనీలోకి వచ్చి నా ముందు పెట్టింది. నాలుగు ఊళ్ల లెక్క. గురుగ్రామ్‌లో 6,000 పార్సిళ్లు, అందులో 3,300 టైముకి అందాయి. నోయిడాలో 3,000కి 1,950. ఫరీదాబాద్‌లో 800కి 720. ఘాజియాబాద్‌లో 200కి 180. ఊరికో శాతం కట్టింది. 55, 65, 90, 90. వాటి సగటు అడుగున పెద్ద అక్షరాల్లో వేసింది. అక్కడ కూర్చుంది ఆ 7,500%.

ఈ జబ్బు నాకు పాత పరిచయం. "ఫార్ములాలో నూటితో హెచ్చవేశావా?" అన్నాను. వేశానంది. "తర్వాత ఆ శాతం బొత్తాం నొక్కావా?" నొక్కానంది. మరింకేం! ఎక్సెల్‌లో శాతం బొత్తాం ఊరికే గుర్తు అతికించి ఊరుకోదు. గడిలో ఉన్న అంకెను నూరింతలు చేసి చూపిస్తుంది. గడిలో 0.75 ఉంటే 75% అని కనిపిస్తుంది. మనం ముందే నూటితో హెచ్చవేసి 75 చేసిపెడితే దాన్ని మళ్లీ నూరింతలు చేసి 7,500% అంటుంది. పప్పులో అమ్మ ఒకసారి, నాన్నమ్మ ఒకసారి ఉప్పు వేసినట్టు. ఎవరో ఒకరు వెయ్యాలి, అంతే.

నూటితో హెచ్చవేయడం తీసేసింది. 75% వచ్చింది. పిల్ల మొహం విప్పారింది. "పంపించేస్తున్నా" అంది.

"ఆగు" అన్నాను. "7,500 కన్నా ఈ 75 ప్రమాదం."

"అదేంటి తాతయ్యా, ఇది సరిగ్గానే ఉందిగా?"

"చూట్టానికి సరిగ్గా ఉంది కాబట్టే. 7,500 అంటే మీ బాసు నవ్వి వెనక్కి పంపిస్తాడు. 75 అంటే నమ్మేస్తాడు. కూర్చో, కాయలు వొలుచుకుంటూ విను."

శాతం అన్న మాట బడి పుస్తకంది. మా చిన్నప్పుడు గుంటూరు జిల్లాలో మా నాయన నోట ఆ మాట వచ్చినట్టు గుర్తు లేదు. ఆయన "నూటికి" అనేవాడు, లేదా రూపాయల్లో చెప్పేవాడు. "రెండు రూపాయల వడ్డీ" అంటే ఊళ్లో చిన్న పిల్లాడికి కూడా తెలుసు: నూటికి, నెలకి, రెండు రూపాయలు. ఏడాదికి వేసుకుంటే నూటికి ఇరవై నాలుగు. వై.యస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు డ్వాక్రా మహిళలకి పావలా వడ్డీ అన్నది గుర్తుందా? నూటికి నెలకి పావలా, అంటే ఏడాదికి మూడు రూపాయలు. బ్యాంకువాళ్ల భాషలో మూడు శాతం. అదే క్రెడిట్ కార్డు కాగితంలో అడుగున చీమ తలకాయలంత అక్షరాల్లో నెలకి మూడున్నర శాతం అని ఉంటే, మనవాళ్లు "శాతమేగా" అని సంతకం పెట్టేస్తారు. మూడున్నర రూపాయల వడ్డీ అని తెలుగులో చెప్పి చూడు, పెన్ను కింద పెడతారు! మా ఊళ్లో ఆ వడ్డీకి అప్పిచ్చేవాడి ఇంటి ముందు నుంచి నడిచేటప్పుడు మొహం పక్కకి తిప్పుకునేవాళ్లు.

అంతకు ముందు నూరు కూడా లేదు, పదహారు ఉండేది. రూపాయికి పదహారణాలు. అందుకే ఇప్పటికీ "పదహారణాల తెలుగమ్మాయి" అంటాం. నూటికి నూరు శాతం తెలుగు అనే అర్థం. 1957 ఏప్రిల్ 1న రూపాయికి నూరు నయాపైసలు వచ్చాయి. అణాలు డబ్బులోంచి పోయాయి, నాలుక మీద మాత్రం ఉండిపోయాయి. పదహారు అనుకున్నా నూరు అనుకున్నా పని ఒకటే: రెండు వేరు వేరు కుప్పల్ని పోల్చాలంటే రెండింటికీ కింద ఒకే అంకె పెట్టాలి. నూరు అయితే లెక్క తేలిక. % గుర్తు చూడు, గీతకి అటో సున్నా, ఇటో సున్నా. ఇటలీ వర్తకులు నూటికి అనే మాటని పొట్టిగా రాసుకుంటూ పోగా పోగా అరిగి అలా తేలిందట.

మనుషుల చేతుల్లో అరిగి గుండ్రమైన ఆ గుర్తు, యంత్రాల చేతిలో పడి మూడు రకాలుగా చీలింది. ఇది మా మనవరాలికి కూడా తెలియదు. ఎక్సెల్‌లో 55% అని కొడితే దానికి అర్థం 0.55. మా రోజుల్లో క్రిస్టల్ రిపోర్ట్స్ అని ఓ సాఫ్ట్‌వేర్ ఉండేది, కెనడాలో వాంకూవర్‌లో పుట్టింది, ఇప్పుడు శాప్ కంపెనీది. అందులో 3300 % 6000 అని రాస్తే 55 అని జవాబు చెబుతుంది. మొదటిది రెండోదాంట్లో నూటికి ఎంత అని దాని భావం. అదే వాక్యం డేటాబేసులకి వాడే ఎస్.క్యూ.ఎల్. సర్వర్‌లో రాస్తే 3300 అంటుంది! అక్కడ % అంటే భాగారం చేశాక మిగిలిన శేషం. 3,300లో 6,000 ఒక్కసారి కూడా పోదు కాబట్టి మొత్తం శేషమే.

ఆ డేటాబేసుదే ఇంకో చమత్కారం ఉంది. పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే అది పూర్ణాంకమే ఇస్తుంది. 3,300ని 6,000తో భాగించమంటే 0.55 అనదు, సున్నా అంటుంది. నేను చేసిన ఓ ఆఫీసులో, పేరెందుకులే, ఒక నెల రిపోర్టు దేశమంతటికీ సున్నా శాతంతో అచ్చయి బల్లల మీదకి వెళ్లిపోయింది. రాసింది నేనే. నూటికి బదులు 100.0 అని దశాంశ బిందువు పెట్టి ముందు హెచ్చవేసి ఉంటే సరిపోయేది. ఆ చుక్క కోసం రెండు రోజులు వెతికాను.

"సరే తాతయ్యా, నా 75 సంగతి చెప్పు."

చెబుతా. దానికి ముందు 2021 ఏప్రిల్‌కి వెళ్లాలి. అప్పుడు ఇదే బాల్కనీలో రాత్రి పూట నోటుబుక్కు పెట్టుకుని కూర్చునేవాణ్ని. ఢిల్లీ ప్రభుత్వం రోజూ ఆరోగ్య బులెటిన్ ఇచ్చేది. ఎన్ని పరీక్షలు చేశారు, ఎంతమందికి కరోనా తేలింది, అది నూటికి ఎంత. టీవీలో ఆఖరి అంకె ఒక్కటే పెద్దగా వేసేవారు. నేను మూడూ రాసుకునేవాణ్ని, పాత అలవాటు. ఆ నోటుబుక్కు ఇంకా ఉంది. తెప్పించి ఒక పేజీ చూపించాను.

ఏప్రిల్ 20న 86,526 పరీక్షలు, 28,395 కేసులు, 32.82 శాతం. 21న 78,767 పరీక్షలు, 24,638 కేసులు, 31.28 శాతం. 22న 72,208 పరీక్షలు, 26,169 కేసులు, 36.24 శాతం.

మొదటి రోజునీ మూడో రోజునీ పక్కపక్కన పెట్టి చూడమన్నాను. కాసేపు చూసింది. "కేసులు తగ్గాయి, శాతం పెరిగింది" అంది. అవును, కేసులు 2,226 తగ్గాయి. ఒకే బులెటిన్‌ని పట్టుకుని ఒకాయన "కేసులు తగ్గుముఖం" అని రాయొచ్చు, ఇంకొకాయన "పాజిటివిటీ కొత్త ఎత్తుకి" అని రాయొచ్చు, ఇద్దరూ అబద్ధం ఆడినట్టు కాదు. గీతకి కింద ఏమయిందో చూస్తేనే కథ తెలుస్తుంది. పరీక్షలు రెండు రోజుల్లో 14,318 తగ్గాయి. ఆ రాత్రుళ్లు శాతం ఒక్కటే చూసినవాడికీ, కేసులు ఒక్కటే చూసినవాడికీ సగం భయమే తెలిసింది.

ఇంకో సంగతి. ఆ 36 శాతం ఢిల్లీ జనంలో 36 శాతం కాదు. పరీక్షకి వచ్చినవాళ్లలో 36 శాతం. మా కాలనీ వాట్సాప్‌లో అప్పుడు చాలామంది "మూడిళ్లకి ఒక ఇల్లు" అని లెక్క కట్టేశారు. జ్వరం వచ్చి వరసలో నిలబడ్డవాళ్లకీ ఇంట్లో కూర్చున్నవాళ్లకీ తేడా లేదన్నట్టు.

"ఇప్పుడు ఈ మూడు రోజులకీ కలిపి నూటికి ఎంత?" అన్నాను. వెంటనే మూడు శాతాలూ కూడి మూడుతో భాగించింది. 33.45. నేను కాగితం మీద కేసులన్నీ కూడాను, 79,202. పరీక్షలన్నీ కూడాను, 2,37,501. దాన్ని దీంతో భాగిస్తే 33.35.

"పాయింట్ ఒకటేగా తేడా" అంది.

ఇక్కడ అంతే, ఎందుకంటే మూడు రోజుల పరీక్షల కుప్పలూ ఇంచుమించు ఒక సైజువే. కుప్పల సైజులు వేరైతే చూడు. ఢిల్లీ అసెంబ్లీకి డెబ్భై నియోజకవర్గాలు. 2025 ఫిబ్రవరి ఎన్నికలప్పుడు ఢిల్లీ కంటోన్మెంట్‌లో ఓటర్లు దాదాపు 79 వేలు. వికాస్‌పురీలో దాదాపు 4 లక్షల 62 వేలు. కంటోన్మెంట్‌లో 60 శాతం, వికాస్‌పురీలో 50 శాతం పోలైందని ఊరికే అనుకుందాం. సగటు తీస్తే 55. కానీ మనుషుల్ని లెక్కపెడితే కంటోన్మెంట్‌లో 47,400 మంది, వికాస్‌పురీలో 2,31,000 మంది. మొత్తం 5,41,000 మంది ఓటర్లలో 2,78,400. అంటే దాదాపు 51న్నర శాతం. ఆ మూడున్నర ఎక్కణ్నుంచి ఊడిపడింది? వికాస్‌పురీ ఓటరు ఆరుగురిని కంటోన్మెంట్ ఓటరు ఒకడితో సమానం చేసి తూచాం కదా, అక్కణ్నుంచి.

నోరు తెరిచి మళ్లీ మూసింది. లాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది.

ఆ పిల్ల లెక్క వేసుకుంటుండగా మీకు ఎన్నికల సంగతి ఇంకొకటి చెబుతాను, సమయం ఉంది. 2020లో ఆమ్ ఆద్మీ పార్టీకి ఢిల్లీలో 53.57 శాతం ఓట్లు వచ్చాయి. 2025లో 43.57. ఎంత తగ్గాయి? పది శాతం అని టీవీలన్నీ అన్నాయి. నిజానికి తగ్గింది పది శాతం కాదు, పది పాయింట్లు. ముందున్న 53.57 మీద లెక్కేస్తే తరుగు 18 శాతం దాటి ముప్పాతిక దాకా. ముందు ఆ పార్టీకి ఓటేసిన ప్రతి వందమందిలో దాదాపు పందొమ్మిది మంది జారిపోయినట్టు. పది అన్నా తప్పు లేదు, పాయింట్లు అని చేరిస్తే. ఆ ఒక్క మాటా మింగేస్తారు.

ఆ ఎన్నికలోనే బీజేపీకి 45.56 శాతం ఓట్లతో డెబ్భైలో 48 సీట్లు, అంటే సీట్లలో 68 శాతం పైన. రెండు పాయింట్ల వెనక ఉన్నవాళ్లకి 22 సీట్లు. ఇక పోలైంది సుమారు 60 శాతమే కాబట్టి, గెలిచినవాళ్లకి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి వందమందిలో ఓటేసింది ఇరవై ఏడెనిమిది మంది. ఒక పార్టీని అంటున్నానని అనుకునేరు, 2015లో 67 సీట్లు గెలిచినవాళ్లకీ జాబితాలో ఉన్నవాళ్లలో సగం రాలేదు. 27, 45, 68. మూడూ ఒకే గెలుపుకి పేర్లు. కింద జాబితా ఉంచితే ఒకటి, పోలైన ఓట్లు ఉంచితే ఒకటి, సీట్లు ఉంచితే ఇంకొకటి. చర్చల్లో అరుచుకునేవాళ్లు చాలాసార్లు ఒకళ్లు ఒక కింది అంకె మీద, ఇంకొకళ్లు ఇంకో కింది అంకె మీద నిలబడి అరుస్తుంటారు.

"తాతయ్యా." గొంతు మారింది. "అరవై ఒకటిన్నర."

కూడుకుని చూసింది కాబోలు. నాలుగు ఊళ్ల పార్సిళ్లూ కలిపితే 10,000. టైముకి అందినవి 6,150. ఇక 75 ఎక్కడిది! 200 పార్సిళ్ల ఘాజియాబాద్‌నీ 6,000 పార్సిళ్ల గురుగ్రామ్‌నీ ఒకే తక్కెడలో ఒకే రాయి వేసి తూచింది ఆ సగటు.

ఈ తప్పు పిల్లది కాదు, అంటే ఒక్క ఈ పిల్లది కాదు. రిపోర్టు సాఫ్ట్‌వేర్లన్నీ ఈ గోతిని అందంగా గడ్డి కప్పి ఉంచుతాయి. మా పిల్ల వాడే పవర్ బీఐలో రెండు దారులున్నాయి. ప్రతి వరుసలో శాతం కట్టి ఒక కాలమ్‌గా పెట్టుకోవచ్చు. అది డేటా తెచ్చినప్పుడే వరుసవరుసకీ లెక్కయి గట్టిపడిపోతుంది. తర్వాత దాన్ని కూడినా, సగటు తీసినా గోతిలో పడ్డట్టే. రెండోది మెజర్. దానికి అంకె చెప్పం, పద్ధతి చెబుతాం. పైన టైముకి అందినవాటి మొత్తం, కింద పార్సిళ్ల మొత్తం పెట్టి భాగించు అని. ఊరి వరుసలో ఊరి మొత్తాలు తీసుకుంటుంది, అడుగు వరుసలో అన్ని ఊళ్ల మొత్తాలు తీసుకుని అక్కడ మళ్లీ కొత్తగా భాగిస్తుంది. ఎక్సెల్ పివట్ టేబుల్లో కాలిక్యులేటెడ్ ఫీల్డ్ కూడా ఇంతే, ముందు కూడి తర్వాత భాగిస్తుంది. ఏ యంత్రంలోనైనా వరస గుర్తుంటే చాలు: ముందు కూడిక, ఆఖర్న భాగారం.

మెజర్ రాసుకుని చూసింది. అడుగున 61.5% వచ్చింది. ఊళ్ల శాతాలు మాత్రం ఏమీ మారలేదు.

పనిలో పనిగా ఇంకో కాలమ్ వేద్దామంది, మొత్తం పార్సిళ్లలో ఏ ఊరి వాటా ఎంత అని. ఈసారి ఎక్సెల్‌లో గురుగ్రామ్ వరుసలో =బి2/బి6 అని రాసింది. 60%. బాగుంది. దాన్ని పట్టుకుని కిందికి లాగింది. మిగతా మూడు గడుల్లోనూ హ్యాష్ డివ్ జీరో అని మూడు ఏడుపులు. ఫార్ములా కిందికి జరిగినప్పుడు పై అంకెతో పాటు కింది అంకె కూడా జరిగింది. బి6 కాస్తా బి7 అయింది, అక్కడ ఏమీ లేదు. పై అంకె గేదె, మేస్తూ ఎక్కడికైనా వెళ్లొచ్చు. కింది అంకె గుంజ, అది నడవకూడదు. ఆ గుంజ పాతడానికే ఎక్సెల్‌లో డాలర్ గుర్తు. =బి2/$బి$6. అమెరికా వాళ్ల డబ్బుకీ దీనికీ ఏ సంబంధం లేదు, మేకులా నిలువుగా ఉంది కదా అని అనుకుంటే గుర్తుంటుంది.

సరిచేశాక 60, 30, 8, 2 వచ్చాయి. కూడితే సరిగ్గా నూరు. ప్రతిసారీ ఇంత చక్కగా రాదు. ముగ్గురికి సమానంగా పంచిచూడు, 33.3, 33.3, 33.3, కూడితే 99.9. మిగిలిన 0.1 ఎవరూ తినలేదు, సవరింపులో పోయింది. సర్కారు పుస్తకాల్లో పట్టిక కింద ఆ మాట సన్నగా వేస్తారు. వెయ్యనప్పుడు పార్లమెంటులో ప్రశ్న వస్తుంది.

మొత్తంలో వాటా చెప్పడం యంత్రానికి చూసినంత తేలిక కాదు. పెళ్లిలో లడ్డూలు వడ్డించేవాణ్ని తలుచుకో. మొదటి ఆకు దగ్గర నిలబడి "మీ వాటా నూటికి రెండు" అని చెప్పాలంటే వాడు ముందు పంక్తి చివరిదాకా నడిచి ఆకులు లెక్కపెట్టుకుని రావాలి. క్రిస్టల్ రిపోర్ట్స్ సరిగ్గా అలాగే రెండు నడకలు నడిచేది. మొదటి నడకలో డేటా అంతా చదివి మొత్తాలు కట్టుకునేది, రెండో నడకలో అచ్చువేసేది. రెండో నడకలో నడుస్తూ కూడుకునే అంకెని కింద పెట్టి భాగించామనుకో, మొదటి వరుసవాడికి నూటికి నూరు వస్తుంది, తర్వాతవాడికి అంతకన్నా తక్కువ వస్తుంది. అప్పటిదాకా చూసినవాళ్లలో వాటా అది. నేను ఒకసారి అలా చేసి, అక్షర క్రమంలో ముందున్న రాష్ట్రం కాబట్టి ఆంధ్రప్రదేశ్‌కి నూరు శాతం కట్టబెట్టాను. పక్క సీటు పంజాబీ మిత్రుడు "మీ రాష్ట్రానికి బాగానే చేసుకున్నారు రావుగారూ" అని వారం రోజులు ఏడిపించాడు.

ఇప్పటి సాఫ్ట్‌వేర్లలో ఆ నడకలు మనకి కనపడవు, కానీ ఇంకో తంటా ఉంది. మా మనవరాలు పవర్ బీఐ తెర మీద ఊళ్ల పేర్లుండే బొత్తాల్లో నోయిడా నొక్కింది. 30% ఉండాల్సిన నోయిడా వాటా 100% అయి కూర్చుంది. మిగతా ఊళ్లని జల్లెడ పట్టి తీసేసినప్పుడు పైనుంచే కాదు, కింది మొత్తంలోంచి కూడా తీసేసింది. నోయిడాలో నోయిడా వాటా నూరు కాక ఇంకేమవుతుంది? కింది మొత్తానికి జల్లెడ తగలకుండా ఆల్ అనే ఫంక్షన్ చుట్టాలి. ఆ పిల్లకి ఆ సంగతి తెలుసు, నాకు తెలియదు. నాకు నేర్పుతూ కాస్త గర్వపడింది, పడనిచ్చాను.

సున్నా గురించి ఒక పోట్లాట జరిగింది మా ఇద్దరికీ. వచ్చే నెల సోనీపత్‌లో కొత్త కేంద్రం తెరుస్తారట, ఇంకా పార్సిల్ ఒక్కటీ లేదు. సున్నాలో సున్నా. ఎర్రగా తప్పు చూపిస్తే పెద్దవాళ్లు కంగారు పడతారని ఇఫ్‌ఎర్రర్ పెట్టి 0% అని వేసింది. నేను ఒప్పుకోలేదు. 0% అంటే పార్సిళ్లు వచ్చాయి, ఒక్కటీ టైముకి ఇవ్వలేదు అని. పరీక్ష రాయని పిల్లాడికీ రాసి సున్నా తెచ్చుకున్నవాడికీ తేడా లేదా? ఖాళీ ఉంచు, గీత పెట్టు, "ఇంకా మొదలవలేదు" అని రాయి, ఏమైనా చెయ్యి. ఎక్సెల్ సగటు కూడా ఖాళీ గడిని వదిలేస్తుంది, సున్నాని మాత్రం లెక్కలో వేసుకుంటుంది. కాసేపు గొణిగి గీత పెట్టింది.

ఈ పిల్లకి కింది అంకె విలువ తెలియదని కాదు. దక్షిణ ఢిల్లీలో తిరుమల తిరుపతి దేవస్థానం వాళ్లు 1961లో పెట్టిన వెంకటేశ్వర కాలేజీలో చదివింది. దాంట్లో సీటు కోసం మేం పడ్డ పాట్లన్నీ కింది అంకెవే. అప్పట్లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో కటాఫ్‌లు ఉండేవి. 2011లో శ్రీరామ్ కాలేజ్ ఆఫ్ కామర్స్ వాళ్లు కామర్స్ చదవని పిల్లలకి నూటికి నూరు అడిగితే దేశమంతా నోరు వెళ్లబెట్టింది. 2022లో ఉమ్మడి ప్రవేశ పరీక్ష వచ్చేదాకా ఆ గోల ఉంది. అక్కడ చూసేది అయిదు సబ్జెక్టుల్లో మంచివి నాలుగు. ఒక పిల్లకి 97, 95, 92, 88, 70 వచ్చాయనుకో. నాలుగింటికి 400కి 372, అంటే 93 శాతం. అయిదింటికి 500కి 442, అంటే 88.4. చుట్టాలకి మేం ఏది చెప్పామో ఊహించుకోండి. పక్కింటివాళ్ల అబ్బాయిది ఏది లెక్కేసి చూశామో కూడా ఊహించుకోండి.

నాలుగు దాటింది. ఎండ ఎదురింటి మేడ వెనక్కి వెళ్లిపోయింది. రిపోర్టు పంపిన పది నిమిషాలకి ఫోన్ వచ్చింది. స్పీకర్లో పెట్టింది, హిందీలో మాట్లాడుకున్నారు. పోయిన నెల 75 ఉందిగా, ఇప్పుడు 61.5 ఏమిటి, ఫార్ములా ఏదో చెడినట్టుంది చూడు అన్నాడు అవతలాయన. గొంతులో కోపం లేదు, నమ్మకం ఉంది. పోయిన నెల రిపోర్టూ ఈ పిల్లే చేసింది మరి.

పిల్ల నా వైపు చూసింది. నేను కాయ వొలుచుకుంటున్నాను.

"సార్, పదివేల పార్సిళ్లలో 3,850 ఆలస్యంగా వెళ్లాయి" అంది. "75 అని రాస్తే 2,500 అని చెప్పినట్టు. మిగతా 1,350 మందికి ఏం చెప్పమంటారు?"

అవతల కాసేపు చప్పుడు లేదు. టకటకా ఏదో కొట్టుకుంటున్న శబ్దం. తర్వాత, "గురుగ్రామ్‌వే 2,700 ఉన్నాయా అందులో?" అన్నాడు. ఉన్నాయంది. "పోయిన నెలదీ మళ్లీ తీసి పంపు. అంతకు ముందుదీ" అని పెట్టేశాడు.

రాత్రి పన్నెండు దాకా చేసేలా ఉంది పని. నా మీద కోపం వచ్చిందేమో అనుకున్నాను, లాప్‌టాప్ చార్జర్ తెచ్చుకుని నా పక్క కుర్చీలోనే కూర్చుంది.

మా ఆవిడ టీ తెచ్చి, పొట్లంలోకి తొంగిచూసి, "డాక్టరు వద్దన్నాక కూడా సగం లాగించేశారా?" అంది.

"మొత్తం ఎన్ని తెచ్చానో చూశావా, సగం అనడానికి?" అన్నాను.

ఆవిడ టీ గ్లాసు పక్కన పెట్టి, నేల మీది తొక్కలు లెక్కపెట్టడం మొదలెట్టింది.